మీకు తెలుసా? ఎంత పట్టాలి, ఏది వదలాలి

గోదారికి ఎర్రనీరు తగిలిందంటే కోనసీమలో కబుర్లన్నీ పులస చుట్టూనే. ఎవరి వలకు పడింది, ఎన్ని వేలు పలికింది, ఎవరింటికి వెళ్లింది! దసరా దాటి తూర్పుగాలి తిరిగేసరికి ఆ కబుర్లు చీరమేను మీదికి మళ్లుతాయి. పులస గుడ్లు పెట్టడానికి ఎదురీదే తల్లి. చీరమేను నిన్నోమొన్నో గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల. ఈ రెంటినీ ఎగబడి కొనే ప్రాంతం మనది. చేపలు తగ్గిపోయాయని అందరికంటే ముందు నిట్టూర్చేదీ మనమే. అందుకే ఈసారి వలకీ గాలానికీ ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎలాంటి హద్దులున్నాయో, మన దగ్గర ఉన్నవేమిటో, లేనివేమిటో చూద్దాం.

పులస ఎందుకు ఎదురెక్కుతుంది?

పులస అంటే హిల్సా. పెరిగేదంతా సముద్రంలోనే. గుడ్లు పెట్టడానికి మాత్రం దానికి మంచినీళ్లు కావాలి. వరద నీరు కడలిలో కలిసే రోజుల్లో అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, ఓడలరేవు దగ్గర వైనతేయలోకి, యానాం వైపు గౌతమిలోకి చొరబడి పైకి ఈదుతుంది. ఆడచేప పరిమాణాన్ని బట్టి కడుపులో లక్ష నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లుంటాయి. అన్నీ బతికేవి కావు, బతకాలనీ లేదు. కానీ ఆ తల్లి పైకి చేరకముందే పులుసు దాకలోకి చేరితే లెక్క సున్నా దగ్గరే ఆగిపోతుంది.

పైకి వెళ్లినా ఎంత దూరం? ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఉంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన కట్ట అది. తర్వాత దాని స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ వచ్చింది. కోనసీమకు వరి అన్నం పెట్టిన కట్టే పులసకు దారి మూసింది. కాటన్ దొరను తప్పుపట్టే ధైర్యం గోదావరి జిల్లాల్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. అయినా నిజం నిజమే. గంగానదిలో ఇదే కథ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలయ్యాక, అంతకు ముందు అలహాబాద్ దాటి కూడా వెళ్లే హిల్సా ఎగువన దాదాపు కనబడకుండా పోయింది.

నది కురచైపోయాక, ఉన్న కాస్త దారిలోనైనా చేపను బతకనివ్వాలి కదా. బంగ్లాదేశ్ ఆ పనే చేసింది. అక్కడ ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ, గుడ్లు పెట్టే అదనులో, 22 రోజుల పాటు హిల్సా పట్టడం, అమ్మడం, రవాణా చేయడం అన్నీ నేరమే. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల హిల్సాను నవంబరు నుంచి జూను దాకా ముట్టుకోకూడదు. పట్టొద్దన్న రోజుల్లో జాలరి కుటుంబాలకు సర్కారే బియ్యం ఇస్తుంది. ఇది కాగితాల మీది కరుణ అనుకోవద్దు. ఒకప్పుడు పడిపోయిన దిగుబడి మళ్లీ లేచి ఏటా 5 లక్షల టన్నులు దాటింది. మన దేశంలో పశ్చిమ బెంగాల్ కూడా 23 సెంటీమీటర్ల లోపు హిల్సాను పట్టొద్దంది, వల కన్ను 90 మిల్లీమీటర్లకు తగ్గొద్దంది.

మన దగ్గర? "జన ఉన్నదేనాండీ?" అని అడిగి మరీ ఎక్కువ డబ్బిచ్చి కొంటాం. కడుపులో గుడ్లున్న పులసకే గిరాకీ. రేటు ఇంతని గొప్పగా చెప్పుకునేవాళ్లలో సగం మంది తిన్నది ఒడిశా నుంచో గుజరాత్ నుంచో మంచుపెట్టెలో వచ్చిన హిల్సా అనేది వేరే సంగతి. ఆ మోసం వల్ల గోదావరి పులసకు కాస్త మేలే జరుగుతోందేమో!

నీలకంఠ రొయ్యది ఎదురు దారి

పులస సముద్రం నుంచి నదికి వస్తుంది. నీలకంఠ రొయ్య నది నుంచి కిందికి దిగుతుంది. పెరిగేది మంచినీళ్లలోనే అయినా దాని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లుండాలి. అందుకని గుడ్లు మోసుకుంటూ తల్లి రొయ్య మొగ వైపు ప్రయాణం కడుతుంది. కాస్త పెరిగిన పిల్లలు మళ్లీ నదిలో పైకెక్కుతాయి. కడుపు కింద నారింజ రంగు గుడ్ల గుత్తితో దొరికిన రొయ్య ఆ దారి మధ్యలో చిక్కిందన్నమాట. ఏటి గట్టు మీద వల విసిరి సరదాగా పట్టుకునేవాళ్లు అలాంటిదాన్ని తిరిగి నీళ్లలో వేస్తే పోయేది ఒక్క ముక్క వేపుడు.

తవ్వతో కొలిచి అమ్మే పసికందులు

ఇక చీరమేను. కార్తీకంలో గౌతమి మొగ దగ్గర, యానాం, భైరవపాలెం వైపు, తూర్పుగాలి వీచిన రోజుల్లో తెల్లటి పొరలాగా నీటి అంచున వచ్చిపడే అతి చిన్న చేపపిల్లలివి. మామూలు వలలో నిలవవు, ప్రతి కన్నులోంచీ జారిపోతాయి. అందుకే చీరలతో పడతారు. ఇద్దరు చెరో కొంగూ పట్టుకుని నీళ్లలో నడిచి ఎత్తితే బట్ట మీద మిగిలేది పంట. తూకం వేసి అమ్మే చేప కాదిది, గ్లాసుతోనో తవ్వతోనో కొలిచి పోయాల్సిందే. చింతచిగురుతో వండుకున్నా, మినపపప్పుతో కలిపి గారెలేసుకున్నా రుచి గొప్పదే, కాదనను. అమలాపురం నుంచి హైదరాబాదులోని చుట్టాలకు డబ్బాల్లో వెళ్లే బహుమతుల్లో పూతరేకుల తర్వాతి స్థానం దీనిదేనంటే అతిశయోక్తి కాదు.

ఒక్క తవ్వెడు చీరమేనులో ఎన్ని ప్రాణాలున్నాయో లెక్కపెట్టడం ఎవరి తరం? పెద్దయ్యాక ఒక్కోటి ఒక్కో కూర అయ్యే చేపలని వాదించేవాళ్లున్నారు. వీటిలో నూటికి తొంభై తొమ్మిది ఎలాగూ పెద్ద చేపల నోట్లోకి పోయేవే కదా అనేవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో నిజం ఉంది. కాకపోతే ఆ పెద్ద చేపలకు తిండి అవే అన్న సంగతి ఆ వాదనలో జారిపోతుంది.

ఇలాంటి రుచి మనకొక్కరికే ఉందనుకోకండి. న్యూజిలాండ్‌లో నదీ ముఖాల దగ్గర సముద్రం నుంచి పైకొచ్చే సన్నటి చేపపిల్లల్ని వైట్‌బెయిట్ అంటారు. గుడ్డు కొట్టి అట్లు పోసుకోవడం అక్కడి మహా సరదా. వాళ్లు పెట్టుకున్న నియమం చూడండి. ఇన్ని కిలోలని హద్దు లేదు, లైసెన్సు అక్కర్లేదు. కాలానికి మాత్రం గట్టి కాపలా. 2022 నుంచి దేశమంతటా సెప్టెంబరు 1 మొదలు అక్టోబరు 30 దాకానే పట్టాలి. అదీ పగటి పూటే. వల వేసి ఇంటికెళ్లి పడుకోవడం కుదరదు, వేసినవాడు దానికి పది మీటర్ల లోపే ఉండాలి. చేతిలో ఉన్న ఒక్క వల, కంటి ముందున్న కొన్ని గంటలు, అంతే. కొలత పెట్టడం కుదరని పంటకు వేళ పెట్టారు. చీరమేనుకు నేరుగా సరిపోయే ఆలోచన ఇది. ఎందుకంటే మనదీ అదనును బట్టి వచ్చే పంటే.

ఇటలీ దక్షిణాన కలాబ్రియా తీరంలో ఇలాగే సార్డీన్ పసిపిల్లల్ని పట్టి మిరపపొడితో కలిపి నిల్వ పెట్టుకునేవారు. మధ్యధరా సముద్రానికి ఐరోపా సమాఖ్య చేసిన వలల నియమాల ప్రకారం 2010 నుంచి ఆ వేట ఆగిపోయింది. ఊళ్లకు ఊళ్లే ఏడ్చాయి. నన్నడిగితే పూర్తిగా మూసేయడం కంటే న్యూజిలాండ్ దారే మంచిది. బట్ట పట్టుకుని నీళ్లలో నిలబడేది పేద కుటుంబం, వేలు పోసి డబ్బా తెప్పించుకునేది మనం. నిషేధమంటూ పెడితే ముందుగా ఎవరి కూడు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకో పాత సంగతి. టైగర్ రొయ్య చెరువులు జోరుగా తవ్విన రోజుల్లో గోదావరి మొగల దగ్గర వందల చేతులు రొయ్యపిల్లల్ని ఏరేవి. ఏరుకున్న రొయ్యపిల్ల చెరువుకు, దానితో పాటు వలలోకొచ్చిన తక్కిన చేపపిల్లలు, పీతపిల్లలు గట్టు మీదికి. హేచరీల్లో పిల్లను పుట్టించడం పెరిగి, 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక గానీ ఆ ఏరుడు సద్దుమణగలేదు.

నూట పాతికేళ్ల నాటి చట్టం

బాంబు వేసి చేపలు పట్టడం మన దేశంలో 1897 నుంచే నేరం! ఆ ఏడాది వచ్చిన భారత మత్స్య చట్టంలో నీళ్లలో పేలుడు పదార్థం వాడినా, విషం కలిపినా శిక్ష రాసి ఉంది. మూల చట్టంలో అది రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. అప్పటికి 200 రూపాయలంటే సామాన్యుడి గుండె ఆగే సొమ్ము. అదే చట్టం వల కన్ను ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం, ఒక నీటి పట్టును ఏకంగా రెండేళ్ల పాటు వేటకు మూసేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చింది. అయినా మురుగు కాలువలో కరెంటు తీగ దించే ఘనులు ఇప్పటికీ తగుల్తూనే ఉంటారు. ఆ నీళ్లలో చచ్చేది చేపలొక్కటే కాదని అనుభవం చెప్పినా బుద్ధి రాదు.

61 రోజులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్ర వేట బంద్. 2015కు ముందు ఇది 47 రోజులే, ఆ ఏడాది 61కి పెంచారు. మన రాష్ట్రంలో మరపడవలకూ, ఇంజను బిగించిన పడవలకూ ఈ కట్టడి. తెడ్డు వేసుకునే, తెరచాప కట్టుకునే సంప్రదాయ పడవకు లేదు. ఆ రెండు నెలలకు జాలరి కుటుంబానికి ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలైంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద తీరానికి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు రాకూడదనే నియమం కూడా ఉంది. ఒడ్డు పక్కనున్న నీళ్లు చిన్న పడవవాడివి అని దాని అర్థం. అంతర్వేది పల్లిపాలెంలోనో, ఓడలరేవులోనో ఒక్క పూట కూర్చుంటే ఆ నియమం ఎంతవరకు నిలుస్తోందో ఎవరైనా చెబుతారు.

ఇదంతా పడవ మీద బతికేవాడి మెడకు పడ్డ తాడు. ఆదివారం గాలం పట్టుకుని కాలవగట్టున కూర్చునేవాడికి, పండక్కి ఊరొచ్చి వల అద్దెకు తీసుకునేవాడికి "ఇవాళ్టికి ఇన్ని చాలు" అనే లెక్క మన దగ్గర అలవాటే లేదు. విదేశాల్లో చాలాచోట్ల సరదా వేటగాడికి లైసెన్సు, కొలబద్ద, లెక్క అన్నీ ఉంటాయి. మన పిల్లలు అమెరికా వెళ్లి మొదటిసారి తెలుసుకుని తెల్లబోయే సంగతుల్లో ఇదొకటి.

విరిగిన గుల్ల కూడా లెక్కలోకే

అమెరికాలో సియాటిల్ వైపు మన తెలుగు వాళ్లు ఎంత మంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో ఇసకలో తవ్వి తీసుకునే రేజర్ క్లామ్ అనే గుల్లలుంటాయి. మామూలుగా మనిషికి రోజుకు 15. చిన్నదైనా, పార తగిలి పగిలినా, తవ్విన మొదటి పదిహేనూ తీసుకోవాల్సిందే. చిన్నవి పారేసి పెద్దవి ఏరుకుంటానంటే నేరం. ఎందుకంటే ఒకసారి బయటికి లాగిన గుల్ల తిరిగి ఇసకలో పెట్టినా చాలావరకు బతకదు. ఎవరి గుల్లలు వాళ్ల సంచిలోనే ఉండాలి, ఇంటిల్లిపాదివీ ఒకే బకెట్టులో పోయకూడదు. పదిహేనేళ్లు నిండితే లైసెన్సు కావాలి. నీళ్లలో డొమోయిక్ ఆమ్లమనే విషం పెరిగితే తీరాన్నే మూసేస్తారు.

ఆ మొదటి పదిహేను అనే నియమం నాకు బాగా నచ్చింది. ఏరుకునే హక్కు ఇస్తే పదిహేను ఇంటికి తేవడానికి యాభై చంపుతాం. సంఖ్య పెట్టిన ప్రతి చోటా ఈ కంత ఉంటుంది. దాన్ని వాళ్లు ముందే పూడ్చారు.

మనకూ గుల్లలకు కొదవ లేదు. కాకినాడ అఖాతంలో, కోరంగి మడ అడవుల పక్క బురదలో రకరకాల గుల్లలు పెరుగుతాయి. అందులో ఒక రకానికి మనలాగే నెత్తురు ఎర్రగా ఉంటుంది, మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే దాని ఒంట్లోనూ ఉంది. తినడం కంటే కాల్చి సున్నం చేయడానికే వీటిని మనవాళ్లు ఎక్కువ వాడారు. మన తాతలు తాంబూలంలో రాసుకున్న గుల్లసున్నం వీటిదే.

కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో గుల్ల మీద బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏరుడు మితిమీరి దిగుబడి కుంగాక, వాళ్లే కూర్చుని కట్టడి పెట్టుకున్నారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏరరు. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఎగుమతి చేసే గుల్ల మాంసం కిలోకు 1,400 కంటే ఎక్కువ తూగకూడదు, అంటే మరీ చిన్నవి వద్దు. దిగుబడి కోలుకుంది. 2014లో ఆ వేటకు ప్రపంచ స్థాయి మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు దక్కింది. మన దేశంలో అలాంటి గుర్తింపు తెచ్చుకున్న మొదటి వేట అదే. కేరళ ప్రభుత్వం కూడా 58 రకాల సముద్ర జీవులకు కనీస కొలతలు పెట్టింది. మత్తి (సార్డీన్) చేప 10 సెంటీమీటర్లు, కానాగంత 14 సెంటీమీటర్లు లేకపోతే పట్టిన పడవకు జరిమానా.

పండుగప్ప మొదట మగ, తర్వాత ఆడ

ఇది నిజంగా చాలామందికి తెలియదు. పండుగప్ప మగచేపగా పెద్దదై, కొన్నేళ్లు గడిచాక ఆడచేపగా మారుతుంది. అంటే మార్కెట్లో చూసి నోరు వెళ్లబెట్టే ఆ మహా పండుగప్పలు దాదాపు అన్నీ తల్లులే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇదే చేపకు రెండు వైపులా గీత గీశారు. 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని పట్టకూడదు, 120 దాటినదాన్నీ పట్టకూడదు. చిన్నదాన్ని వదలమనడం అన్ని చోట్లా ఉన్నదే, పెద్దదాన్నీ వదలమనడంలోనే తెలివి ఉంది. అక్కడే మండపీతలో ఆడదాన్ని అసలు ముట్టుకోరు. మగపీతైనా వెడల్పు 15 సెంటీమీటర్లు ఉండాలి, మనిషికి ఏడే.

పీత ఆడదో మగదో తెలుసుకోవడానికి చదువక్కర్లేదు. వెల్లకిలా తిప్పితే పొట్ట మీది రేకు సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. రాజోలు సంతలో చేపలమ్మే ఏ అత్తనడిగినా రెప్పపాటులో చెబుతుంది.

కొర్రమీను గుంపు కనిపిస్తే

గాలం వేసేవాళ్లకు మాత్రమే ఈ ముక్క. చెరువులోనో పంటబోదెలోనో నీటి మీద ఎర్రగా గుప్పెడు పిల్లలు బుడబుడమంటూ తిరుగుతుంటే అది కొర్రమీను సంసారం. కిందే కాపలా చేప ఉంటుంది, దగ్గరికొచ్చిన దేన్నయినా కరవడానికి లేస్తుంది. సరిగ్గా ఆ గుంపు మీద కప్ప ఎర వేస్తే గాలం వృథా పోదని గాలపుగాళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క చేప పోతే మిగిలిన పిల్లలు జెల్లల పాలు, కొంగల పాలు. నిజమైన గాలపు నేర్పరి ఈ వేటను వేటగా లెక్కించడు. కొత్తపేట వైపు పాతకాలపు గాలపుగాళ్లు "పిల్లల తల్లి జోలికెళ్లకండ్రా అబ్బాయిలూ" అని కుర్రాళ్లను కసిరేది ఇందుకే.

కొనేటప్పుడు

మన జిల్లాలో చేపల భారమంతా వల పట్టినవాడి మీదే వేశాం. కొనేవాడి మీద ఏ చట్టమూ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, బేరం చేసేటప్పుడు నాలుగు మాటలు మారిస్తే చాలు. అమలాపురం మార్కెట్లో పులస ముందు నిలబడి జన ఉన్నదే కావాలని పట్టుబట్టకండి. మండపీతను తిప్పి చూసి గుడ్లున్నది వద్దనండి. చీరమేను ఇంటికి ఒక్క గ్లాసు చాలు, చుట్టాలకు డబ్బాలు పంపాల్సిన పని లేదు. ఏప్రిల్ 15 దాటాక ఎవరైనా "సముద్రపు చేపండీ, ఇప్పుడే వచ్చింది" అంటే, ఏ పడవ తెచ్చిందో ఒక్క మాట అడగండి. తెడ్డు పడవదైతే తీసుకోండి, ఇంజను పడవదైతే ఆ పూటకు పప్పుచారు కాచుకోండి.